రెండు సంప్‌లు

పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మూత తీయగానే ముక్కును కోసే ఘాటు ఒకటి వస్తుంది. చాలామందికి తలనొప్పి తెప్పించే వాసన అది. మొన్న ఫిల్మ్ నగర్‌లో ఒక కొత్త ఇంటి కింది గదిలో, ఇంకా తడి ఆరని గోడల మధ్య నిలబడి పంపుల కొలతలు సరిచూసుకుంటుంటే ఆ వాసన వచ్చింది. చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. "టేపు పక్కకు పెట్టు బిడ్డా, ముందుగాల నీళ్ళు యాడికి పోతయో చూడు" అని ఎవరో పక్కనే నిలబడి అన్నట్టు తోచింది. ఆ మాట అన్న మనిషి పేరు యాదగిరి. ఈ పని నాకు నేర్పింది ఆయనే. ఆయన గురించి రాద్దామని ఇంతకుముందు రెండు మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి కలం ఆగిపోయేది. ఆయన నాకొక పెద్ద మేలు చేశారని చాలా ఏళ్ళు నమ్మాను. అది నిజంగా నాకు చేసిందేనా అన్నది ఇప్పుడు నాకు తెలియడం లేదు.

నా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇళ్ళల్లో పెద్ద పెద్ద అక్వేరియంలు కట్టించుకునేవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరు చేపలతో తృప్తిపడరు, బతికిన పగడాలు కావాలంటారు. అంటే గోడలో ఒక సముద్రపు ముక్కను పెంచాలి. ఆ నీళ్ళకు ఉప్పు తగ్గకూడదు, పెరగకూడదు, వేడెక్కకూడదు, కదలకుండా ఉండకూడదు. చూడవచ్చినవాళ్ళు అద్దంలో రంగులు చూస్తారు. నేను ఆ అద్దం వెనక, గోడ అవతల, మెట్ల కింద ఉండే పంపులనూ పైపులనూ వడపోత తొట్టెనూ గీసి కట్టిస్తాను. నా పని బాగుంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పన్నెండేళ్ళ కిందట ఇది నాకు తెలియదు. మాది కాకినాడ. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఒక పంపుల కంపెనీలో రెండేళ్ళు లెక్కలు వేసి, హైదరాబాద్ వచ్చి, మోతీనగర్‌లో మా అక్క వాళ్ళింట్లో ఉంటూ ఫిల్మ్ నగర్‌లో అక్వేరియంలు కట్టే ఒక చిన్న సంస్థలో చేరాను. ఆఫీసుకు అటూ ఇటూ సినిమా నిర్మాణ సంస్థలే. పొద్దున మేము షట్టరు ఎత్తేసరికి వీధిలో వ్యాన్లు బారులు తీరి ఉండేవి. సైటు పనులన్నీ యాదగిరి గారే చూసేవారు. అప్పటికి ఆయనకు యాభై అయిదు ఉంటాయేమో. సన్నటి మనిషి, గళ్ళ చొక్కా, చెవి మీద పెన్సిలు. నాకు ముందు పరిచయం చేసినప్పుడు "ఇంజనీర్ మేడమ్" అని నమస్కారం పెట్టారు. ఆ నమస్కారంలో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో అర్థం కాలేదు.

ఆయన అంతకుముందు ఇరవై ఏళ్ళు స్టూడియోల్లో వాన కురిపించారు. సినిమాలో వాన సీను ఉంటే పంపులు, పైపులు, చిల్లుల గొట్టాలు కట్టేది ఆయన బృందమే. "హీరోయిన్ ఏడ్చే వానకు చినుకు సన్నగ ఉండాలె. ఫైటింగ్ వానకు లావుగ దబదబ పడాలె. పంపు గదే. తిప్పుట్ల ఉంటది అంతా," అని చెప్పేవారు. తరవాత వానను కంప్యూటర్లో వేయడం ఎక్కువై, ఆ పని తగ్గి, ఇటు వచ్చారు. ఆ మాట చెప్పేటప్పుడు బాధపడుతున్నట్టు కనిపించేవారు కాదు.

మొదటి వారంలోనే నా చదువుకు ఒక దెబ్బ తగిలింది. ఒక చిన్న పనికి పంపు ఎంపిక చేసి, డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లని రాసి ఉన్న అంకెనే కాగితం మీద రాశాను. పైపు వంపులకు కొంత తగ్గించాను కూడా. యాదగిరి గారు ఆ కాగితం చూసి పక్కన పెట్టారు. ఆఫీసు వెనక డ్రమ్ములో పంపు దించి, దానికి గొట్టం తగిలించి, గొట్టం కొస నా చేతికిచ్చి మేడ మెట్లెక్కమన్నారు. కింద నిలబడినప్పుడు బకెట్ నిండడానికి ఎంతసేపు పట్టిందో, పైమెట్టు మీద ఎంతసేపు పట్టిందో చూసుకోమన్నారు. పైన అది ధారలా కాదు, దయతలిచి ఇస్తున్నట్టు వచ్చింది. "డబ్బా మీద ఉన్నది కంపెనోని మాట. బకెట్ల పడ్డది నీళ్ళ మాట. ఎవల మాట వింటవో నీ ఇష్టం," అన్నారు. మేడమ్ అన్న పిలుపు ఆ రోజుతో పోయింది. బిడ్డా అనడం మొదలుపెట్టారు. నాకు కోపం రావాలో సంతోషం కలగాలో తెలియక తడిసిన చున్నీ పిండుకుంటూ నిలబడ్డాను.

ఆ సంవత్సరమే జూబ్లీహిల్స్‌లో రాజ్యలక్ష్మి గారింటి పని వచ్చింది. ఆవిడ భర్త పాతకాలపు నిర్మాత. ఆయన పోయాక ఆ పెద్ద ఇంట్లో ఆవిడ, వంట చేసే మంగ, తోటమాలి ఉండేవారు. హాల్లో ఒక గోడంతా భర్త సినిమాల పోస్టర్లు ఉండేవట. అవి తీయించేసి ఆ గోడ పొడుగునా పగడాల అక్వేరియం కావాలన్నారు. "పెళ్ళయిన కొత్తలో అండమాన్ షూటింగ్‌కి తీసుకెళ్ళారమ్మా. పడవ కింద అద్దంలోంచి చూశాను. మళ్ళీ తీసుకెళ్తానన్నారు, తీరలేదు. ఇప్పుడు నా ఇంటికే తెప్పించుకుందామని," అని నవ్వారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. పంపు చప్పుడు హాల్లో వినబడకూడదు.

అంత పెద్ద పనికి డ్రాయింగు గీయడం నాకదే మొదటిసారి. యంత్రాలన్నీ హాలు కింది గదిలో పెడదామన్నాను. పైన అక్వేరియం అంచు దాటిన నీళ్ళు కింది వడపోత తొట్టెలోకి దిగుతాయి. అక్కడ నురగలో మురికి తేలిపోతుంది, నీళ్ళు చల్లబడతాయి, పంపు మళ్ళీ పైకి పంపుతుంది. ఒకే పెద్ద పంపు పెట్టి, గదిలో సగం ఆవిడ పాత సామానుకు వదిలి, తొట్టె చిన్నదిగా గీశాను. చాలా పొందికగా ఉందనిపించింది. యాదగిరి గారు ఆ కాగితాన్ని నేలమీద పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని, "కరెంటు పోతే?" అన్నారు.

"జనరేటర్ ఉంది కదండీ."

"అది అందుకునే లోపల పైన ఉన్న నీళ్ళు యాడికి పోవాలె?"

పంపు ఆగగానే అంచు దాకా ఉన్న నీళ్ళు, పైపుల్లో నీళ్ళు అన్నీ కిందికే వస్తాయి. నా చిన్న తొట్టె అవి పట్టదు. ఆయన మళ్ళీ, "పంపు కాలిపోతే?" అన్నారు. ఆ సాయంత్రమే మొత్తం చెరిపేసి, తొట్టె రెండింతలు చేసి, ఒకటి ఆగినా రెండోది నడిచేలా రెండు పంపులు పెట్టాను. అన్నీ దాటి ఎప్పుడైనా తొట్టె పొర్లితే గది మునగకుండా, దాని పైఅంచు నుంచి బయటి డ్రైనేజీలోకి ఒక పైపు కూడా గీశాను. ఆ పైపు నా సొంత ఆలోచన. యాదగిరి గారు దాని మీద వేలు పెట్టి తలూపారు. నేను పొంగిపోయాను. పైపు పక్కన "సంప్ లైన్" అని రాశాను.

తప్పు ఉంటే అక్కడే ఉంది. మా వృత్తిలో ఆ వడపోత తొట్టెను సంప్ అంటాం. హైదరాబాద్‌లో ఏ ఇంట్లో అడిగినా సంప్ అంటే పోర్టికోలో నేల కింద ఉండే మంచినీళ్ళ తొట్టె. ఆ ఊళ్ళో ఉంటూ, రోజూ మా అక్కతో "సంప్‌లో నీళ్ళొచ్చాయా" అంటూ, ఆ రెండూ ఒకే మాట అని నాకు తట్టలేదు.

ఇంకో పైపు కూడా ఉంది. అక్వేరియంలో నీళ్ళు రోజూ కాస్త ఆవిరవుతాయి. ఆ లోటు తీర్చడానికి ఇంటి నీళ్ళను ఒక యంత్రంలో శుద్ధి చేసి తొట్టెలోకి వదులుతాం. ఆ యంత్రం కొన్ని నీళ్ళు తీసుకోక బయటికి నెట్టేస్తుంది. వాటిని నేను డ్రైనేజీలోకే గీశాను. పైపులు వేసే రోజు పొద్దున యాదగిరి గారు, "ఎండాకాలం ఈడ ట్యాంకర్ నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళు పారబోసుడు ఎందుకు, ఇంటి సంప్‌ల పడనీయి," అన్నారు. సరేనన్నాను. డ్రాయింగు మార్చలేదు. నాకు ఆఫీసులో పని ఉండి వెళ్ళిపోయాను. పైపులు వేసింది ఖాజా. ముప్ఫై ఏళ్ళ ప్లంబరు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆ చుట్టుపక్కల నాలుగైదు పెద్ద ఇళ్ళ పని అతని చేతిలో ఉండేది. గదిలోంచి బయటికి పక్కపక్కనే రెండు తెల్ల పైపులు. ఒకటి ఇంటి సంప్‌లోకి, ఒకటి డ్రైనేజీలోకి. అవి తారుమారయ్యాయి. పైన టైల్స్ పరిచేశారు. ఎవరికీ తెలియలేదు.

అయిదు నెలలు అంతా సవ్యంగా నడిచింది. పగడాలు వేశాం, అవి నిలదొక్కుకున్నాయి. రాజ్యలక్ష్మి గారు మధ్యాహ్నాలు కుర్చీ వేసుకుని వాటి ముందు కూర్చునేవారు. వేసవి నడుమ ఒక రోజు పొద్దున ఆవిడ ఫోన్ చేశారు. "పగడాలన్నీ ముడుచుకుపోయాయమ్మా. నువ్వోసారి రా."

వెళ్ళి ఉప్పు కొలిచాను. ఉండాల్సినదాని కంటే బాగా తక్కువ చూపించింది. పరికరం పాడైందనుకుని కడిగి మళ్ళీ కొలిచాను. అదే అంకె. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు. పోతే నీళ్ళతోనే పోవాలి. నీళ్ళు పోతే మట్టం తగ్గాలి, నేల తడవాలి. మట్టం తగ్గలేదు. నేల పొడిగా ఉంది. గంటసేపు ఆ గదిలో మోకాళ్ళ మీద తిరుగుతూ ప్రతి అతుకూ తడిమి చూశాను. లోటు తీర్చే నీళ్ళను అవసరమైనప్పుడే వదలాల్సిన బంతి వాల్వు ఇరుక్కుని ఉండటం చూశాను, సరిచేశాను. అది ముందురోజు మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు వదులుతూ ఉండాలి. అయితే ఆ నీళ్ళు ఎటు పోయాయి? పొర్లే పైపులోంచి డ్రైనేజీకి పోయాయి, దానితో ఉప్పూ పోయింది అనుకున్నాను. నా పైపు గదిని కాపాడిందని, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వపడ్డాను.

పైన వంటింట్లోంచి రాజ్యలక్ష్మి గారి గొంతు వినిపిస్తోంది. "ఏంటి మంగా ఇది, కాఫీలో ఉప్పేశావా?" మంగ ఏదో చెప్పబోయి ఏడుస్తోంది. అప్పటికి మూడోసారి డికాషన్ వేసిందట. నాకు ఆ మాటలు వినబడ్డాయి, కానీ అవి నాకు సంబంధించినవని తోచలేదు.

పదిన్నరకు యాదగిరి గారు వచ్చారు. ఎండన పడి వచ్చారేమో, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు అడిగారు. ఒక గుక్క నోట్లో పోసుకుని ఆగారు. సింకులో ఉమ్మేసి, నోరు తుడుచుకుంటూ మెట్లు దిగి నా దగ్గరికొచ్చారు.

"నీ సముద్రం వంటింట్ల ఉన్నది బిడ్డా," అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తొట్టెలోంచి పొర్లిన ఉప్పునీళ్ళు డ్రైనేజీకి కాదు, ఇంటి సంప్‌లోకి వెళుతున్నాయి. ట్యాంకరు రాక ఆ సంప్ అడుగంటి ఉంది. అక్కడి నీళ్ళనే మా యంత్రం శుద్ధి చేసి మళ్ళీ తొట్టెలోకి పంపుతోంది. ఇంట్లో నీళ్ళు ఉప్పన, సముద్రం చప్పన. వంటింటి ఫిల్టరు మట్టిని ఆపుతుంది గానీ ఉప్పును ఆపదు. తోటమాలి తెల్లవారగానే మల్లె కుండీలన్నిటికీ ఆ నీళ్ళే పోశాడు.

పోర్టికోలో సంప్ మూత తీశారు. పైపు కొస నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. మా యజమాని వచ్చారు, ఖాజాను పిలిపించారు. రాజ్యలక్ష్మి గారు గొంతు పెంచలేదు. "ఈ పైపు ఇందులో కలపమని ఎవరు చెప్పారు?" అని మాత్రం అడిగారు. ఖాజా చేతిలో మడతలు నలిగిన నా డ్రాయింగు ఉంది. దాని మీద నా అక్షరాలు ఎక్కడున్నాయో నాకు కంఠతా వచ్చు.

"నేనే చెప్పిన మేడమ్," అన్నారు యాదగిరి గారు.

"మీరా?" అన్నారు మా యజమాని. "ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని?"

"అయింది సార్. పొరపాటయింది."

అంతే జరిగింది. ఎవరూ అరవలేదు. మా యజమాని ఆయన్ని రేపటి నుంచి రావద్దన్నారు. రాజ్యలక్ష్మి గారు మంగ దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. భయం ఉంది, కాదనను. కానీ ఆయన అంత మామూలుగా, అడ్రస్ చెప్పినట్టు చెప్పారు. ఆ క్షణంలో నేనే నమ్మేశాను. ఆయనే చెప్పి ఉంటారనుకున్నాను. తేలికపడ్డాను. ఆ తరవాతే సిగ్గేసింది.

పనిలోంచి తీసేశాక కూడా ఆయన వెళ్ళిపోలేదు. సాయంత్రం దాకా ఉండి, డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు కలిపి, కొంచెం కొంచెంగా తొట్టెలోకి వదిలారు. నేను తొందరపడబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "జర ఆగు. ఒక్కసారి పోస్తె బతికున్నయి గూడ పోతయ్." మర్నాడు ఎంత పోయాలో, ఆ మర్నాడు ఎంతో సిమెంటు సంచి కాగితం మీద రాసిచ్చి, తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గేటు దాటారు. కొన్ని పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. చాలావరకు బతికాయి.

నాలుగు రోజుల తరవాత ఖాజాను పట్టుకుని అడిగాను. "యాదగిరన్న సంప్‌ల కలుపు అన్నడు మేడమ్. కాగితం మీద గూడ సంప్ అనే ఉండె. ఏ పైపు అన్నడో... రెండు తెల్లగనే ఉండె గద," అన్నాడు. అతని కళ్ళు నా ముఖం మీద నిలవలేదు. అటునుంచి అటే బోరబండ వెళ్ళాను. రైలు స్టేషనుకు పైన, ఎత్తుగా ఎక్కే సందులో యాదగిరి గారిల్లు. ముందు గదిలో రెండు పాత మోటార్లు విప్పి పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళావిడ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"మీరు చెప్పింది ఇంకో పైపు గురించి. తప్పు నా డ్రాయింగుది," అన్నాను.

"నేను చెప్పేటప్పుడు నువ్వు ఆడ ఉన్నవా?"

"లేను."

"మరి నేను ఏం చెప్పిన్నో నీకెట్ల తెలుసు?"

"అయితే మీరే తప్పు చెప్పారా?"

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "చెప్పిన అంటే చెప్పిన. దాన్ని పట్టుకొని పరేషాన్ కాకు. పగడాలు ఎట్లున్నయ్?" అన్నారు. పగడాల సంగతి చెప్పాను. ఎన్ని ముడుచుకున్నాయి, ఎన్ని విచ్చుకున్నాయి, ఉప్పు ఎంతకు చేరింది అని ఒక్కొక్కటే అడిగారు. అసలు విషయం మళ్ళీ ఎత్తనివ్వలేదు.

ఆ తరవాత ఆయన ఆ గదిలోనే మోటార్ల రిపేరు దుకాణం పెట్టారు. అంతకుముందు ఆయన చూసిన సైట్లన్నీ మా యజమాని నాకు అప్పగించారు. దాంతో నాకు తెలియనిది ఎంతుందో బయటపడింది. ప్రతి శనివారం డ్రాయింగులు చుట్ట చుట్టుకుని బోరబండ వెళ్ళేదాన్ని. ఆయన వాటిని నేల మీద పరిచి, పెన్సిలుతో ఒక్కో పైపు వెంటా వెళుతూ, "ఇది మూసుకపోతే? ఇది పగిలితే? ఇంటోళ్ళు ఊరికి పోతే?" అని అడుగుతూ పోయేవారు. జవాబు ఆయన చెప్పేవారు కాదు. నేను చెప్పేదాకా మోటారు చుట్టుకుంటూ కూర్చునేవారు. పంపుకు చెయ్యి ఆనించి దాని లోపలి బేరింగు అరిగిందో లేదో చెప్పడం నేర్పారు. గురువు అనదగ్గ మనిషి నాకు ఉంటే ఆయనే. అయితే ప్రతి శనివారం ఆ సందు దిగి వస్తున్నప్పుడు, నా మూలాన పని పోగొట్టుకున్న మనిషి దగ్గర చదువుకుంటున్నానన్న మాట గుర్తొచ్చేది. ఆయన నన్ను కాపాడారని నా మనసు తీర్మానించేసుకుంది. ఆ రుణానికే బాగా పనిచేశాను. సొంతంగా పని మొదలుపెట్టినప్పుడు ఆయనకే మొదట చెప్పాను. "మంచిదే," అన్నారు. "పేర్లు మంచిగ రాయి." ఆయన నోటి నుంచి ఆ సంగతికి దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. అది కూడా దాని గురించేనా, లేక నా దస్తూరీ గురించా అని ఇప్పుడనిపిస్తుంది.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. గుండెపోటు, ఒక్క రోజులోనే అయిపోయింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేస్తే వెళ్ళాను. దుకాణంలో సగం చుట్టిన మోటారు ఒకటి అలాగే ఉంది.

కిందటేడాది రాజ్యలక్ష్మి గారు పంపులు పాతబడ్డాయి, మార్చమని పిలిచారు. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. మంగ మజ్జిగ తెచ్చిచ్చింది. యాదగిరి గారు పోయారని చెప్పేసరికి ఆవిడ అయ్యో అన్నారు. అప్పుడు చెప్పేశాను. ఆ రోజు ఆయన మీకు అబద్ధం చెప్పారని, డ్రాయింగులో ఆ మాట రాసింది నేనని, నాకోసం ఆయన నింద నెత్తినేసుకున్నారని, ఇన్నేళ్ళుగా ఆ మాట చెప్పలేకపోయానని అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "నీకోసమా? నేనెప్పుడూ అలా అనుకోలేదే."

"మరి?"

"ఆ ప్లంబరు కోసం అనుకున్నాను. ఖాజా కదూ అతని పేరు? అతని చేతులు వణుకుతున్నాయి. మళ్ళీ ఏ గడపలోకీ రానివ్వరని అతని భయం. యాదగిరి అతని వైపే చూస్తూ ఆ మాట అన్నాడమ్మా. నువ్వు ఆయన వెనకాల స్తంభం దగ్గర నిలబడ్డావు. ఆయనకు కనబడేదానివే కాదు." మజ్జిగ గ్లాసు కింద పెట్టి మళ్ళీ ఆవిడే అన్నారు, "ఏమో మరి. నిజంగా ఆయనే చెప్పి ఉండొచ్చు కూడా. మనిషన్నాక పొరపడడా?"

ఆ సాయంత్రం కారు నడుపుతూ దారంతా అదే ఆలోచించాను. పదేళ్ళకు పైగా ఒక మనిషి త్యాగం మీద నా బతుకు కట్టుకున్నాననుకున్నాను. ఆ త్యాగంలో నేను లేనే లేనేమో. నాకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు. ఏదో తీసేసుకున్నట్టనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గు. ఆయన ఎవరినీ కాపాడకుండా, తన తప్పును తన తప్పని ఒప్పుకుని ఉంటే, అది మిగతా రెండింటికంటే చిన్న సంగతా, పెద్ద సంగతా? అది కూడా తేల్చుకోలేకపోయాను.

ఖాజా ఇప్పుడు నా పనులే చేస్తున్నాడు. అతన్ని అడగాలని చాలా రోజులు తటపటాయించాను. పోయిన నెల మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఆ రోజు యాదగిరి గారు ఆ మాట ఎవరి కోసం అన్నారనుకుంటున్నావని. అతను డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి చెప్పాడు.

"నాకోసమే మేడమ్. నాకు యాది ఉన్నంతల ఆయన నాకు మంచిగనే చెప్పిండు. నేనే గడబడ చేసిన. కాగితం చూసి ఇంకింత గడబడ అయిన. ఆయన పేరు చెప్పనీకి నోరు తెరిచిన, అంతలనే ఆయనే అనేసిండు." డబ్బా సంచీలో పెట్టుకుంటూ అన్నాడు, "ఆయన దుకాణంల నాలుగేండ్లు ఆదివారాలు పోయి పని చేసిన. ఒక్కసారన్న అడగలె, ఆయన చెప్పలె."

నేను శనివారాలు వెళ్ళేదాన్నని అతనికి చెప్పాను. అతనికి తెలియదట. నాకూ అతను వచ్చేవాడని తెలియదు. "మీ కోసమని మీరనుకున్నరా?" అన్నాడు. తలూపాను. "అయ్యుండొచ్చు మేడమ్," అన్నాడు మర్యాదగా. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఖాజాకు గుర్తున్నది నిజమే కావచ్చు. పన్నెండేళ్ళు ఒక మాటను తిప్పి తిప్పి చూసుకున్నవాడి జ్ఞాపకం అది, నాదీ అలాంటిదే. ఇప్పుడు నా డ్రాయింగుల్లో సంప్ అన్న మాట ఎక్కడా ఉండదు. వడపోత తొట్టె అని ఒకటి, ఇంటి మంచినీళ్ళు అని ఒకటి, పూర్తిగా తెలుగులో రాస్తాను. ఉప్పునీళ్ళ పైపులకు ఎర్ర రంగు వేయిస్తాను. అవి నేర్చుకోవడం సులభమే. ఆయన అన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే నాకు చేత కావడం లేదు. ఈ తప్పు ఎవరిదని ఇంటివాళ్ళు అడిగినప్పుడు నేనూ రెండుసార్లు "నాదేనండి" అన్నాను, ఎవరిదో తెలియకుండానే. ఒకసారి దానివల్ల ఒక మనిషి పని నిలబడింది. ఇంకోసారి అసలు తప్పు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు, అప్పుడు నీళ్ళు కారిన పైపు అతుకే మళ్ళీ విడిపోయి ఆ ఇంటి చెక్క నేలంతా ఉబ్బిపోయింది. ఆయనైతే ఏం చేసేవారో తెలిస్తే బాగుండేది. ఆయన ఏం చేశారో కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఆ ప్రశ్న వచ్చినప్పుడు వెంటనే నోరు తెరవను. ఆ గదిలో ఎవరి చేతులు వణుకుతున్నాయో ముందు చూస్తాను. ఆ చూపు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందని నమ్ముతున్నాను, అదీ రాజ్యలక్ష్మి గారి మాట మీదే.